అమెరికా సామ్రాజ్య విస్తరణ: పత్రికల కేకలు, పత్రికల మౌనం

1898 ఫిబ్రవరి 15 రాత్రి 9 గంటల 40 నిమిషాలకు క్యూబా రాజధాని హవానా రేవులో లంగరు వేసి ఉన్న అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలిపోయింది. నావికులలో చాలామంది ఓడ ముందు భాగంలో ఉన్నారు. పేలుడు సరిగ్గా అక్కడే జరిగింది. 260 మందికి పైగా చనిపోయారు. దగ్గరలోనే ఉన్న స్పెయిన్ యుద్ధనౌక నుంచి పడవలు వేసుకుని వచ్చినవారు నీటిలో పడ్డవారిని పైకి లాగి కాపాడారు. దొరికిన మృతదేహాలకు హవానాలో స్పెయిన్ అధికారులే లాంఛనాలతో ఖననం జరిపించారు. ఓడ కెప్టెన్ సిగ్స్‌బీ ఆ రాత్రే వాషింగ్టన్‌కు పంపిన తంతిలో, తరువాతి నివేదిక అందేవరకు ప్రజలు ఏ అభిప్రాయానికీ రాకుండా ఆగడం మంచిదని కోరాడు.

ఆగవలసిన అవసరం న్యూయార్క్ పత్రికలకు కనిపించలేదు. రెండు రోజులు తిరక్కుండానే న్యూయార్క్ జర్నల్ పత్రిక, మెయిన్ నాశనం శత్రువు పనేనని పతాక శీర్షిక పెట్టింది. నేరస్థుణ్ణి పట్టి ఇచ్చినవారికి 50,000 డాలర్ల బహుమానం ప్రకటించింది. ఓడ కింద మందుపాతర ఎలా అమర్చి ఉంటారో, దానికి తీరం నుంచి తీగ ఎలా లాగి ఉంటారో బొమ్మ గీయించి వేసింది. అప్పటికి ఒక్క గజ ఈతగాడు కూడా ఆ శిథిలాన్ని పరీక్షించి నివేదిక ఇవ్వలేదు. ఆ వారంలో తన ప్రతులు రోజుకు పది లక్షలు దాటాయని ఆ పత్రికే గొప్పగా చెప్పుకుంది.

ఆ పత్రిక యజమాని విలియం రాండాల్ఫ్ హర్స్ట్. కాలిఫోర్నియాలో గనుల మీద కోట్లు గడించిన కుటుంబంలో పుట్టినవాడు. 1895లో న్యూయార్క్ వచ్చి, నడవలేక నడుస్తున్న జర్నల్‌ను కొన్నాడు. అప్పటికి ఆ నగరంలో జోసెఫ్ పులిట్జర్ నడిపే వరల్డ్ పత్రికదే రాజ్యం. హర్స్ట్ తన పత్రిక ధర ఒక్క సెంటుకు దించాడు. వరల్డ్ సంపాదక వర్గాన్ని దాదాపు మూకుమ్మడిగా ఎక్కువ జీతాలిచ్చి లాక్కున్నాడు. వరల్డ్‌లో పసుపుపచ్చ చొక్కా తొడుక్కున్న ఒక బోడితల కుర్రవాడి వ్యంగ్యచిత్రం జనాదరణ పొందితే, ఆ చిత్రకారుణ్ణి కూడా లాక్కున్నాడు. పులిట్జర్ వేరే చిత్రకారుణ్ణి పెట్టి అదే కుర్రవాణ్ణి గీయించాడు. రెండు పత్రికల్లోనూ పచ్చ చొక్కా కుర్రవాడే! ఎల్లో జర్నలిజం అనే మాటకు మూలం ఈ పోటీయే. మన వైపు పచ్చ పత్రిక అంటే బెదిరించి డబ్బు గుంజే చిల్లర పత్రిక అనే అర్థం స్థిరపడింది గాని, ఆ పేరు మొదట పడినవి ఒక మహానగరంలో అత్యధికంగా అమ్ముడయ్యే పెద్ద పత్రికలకు.

ఈ పోటీకి క్యూబా మంచి సరుకుగా దొరికింది. 1895లో అక్కడి ప్రజలు స్పెయిన్ పాలన మీద తిరుగుబాటు లేవదీశారు. దాన్ని అణచడానికి 1896లో వచ్చిన జనరల్ వేలర్, తిరుగుబాటుదారులకు తిండీ ఆశ్రయమూ దొరకకూడదని పల్లెల జనాన్నంతా పట్టణాల చుట్టూ కంచెలలోకి తోలించాడు. తిండి లేక, రోగాలతో, ఎంత తక్కువ లెక్క వేసినా లక్షమందికి పైగా మరణించారు. ఇది కల్పన కాదు. క్యూబా ప్రజల బాధ నిజం, వారి పోరాటం న్యాయమైనది. ఆకలితో చస్తున్న లక్షలమంది గురించి నిజం రాసినా సరిపోయేది. కాని ఆకలి చావు ప్రతిరోజూ ఒకే రకంగా ఉంటుంది, అమ్ముడుపోయే వార్తకు రోజుకొక కొత్త రూపం కావాలి.

1897 ఫిబ్రవరిలో జరిగిన ఒలివెట్ ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. హవానా నుంచి బయలుదేరిన ఒలివెట్ అనే అమెరికన్ ఓడలో ముగ్గురు క్యూబా యువతులను, తిరుగుబాటుదారుల ఉత్తరాలు తీసుకుపోతున్నారన్న అనుమానంతో స్పెయిన్ అధికారులు సోదా చేయించారు. జర్నల్ విలేఖరి రిచర్డ్ హార్డింగ్ డేవిస్ ఆ సంగతి రాశాడు. సోదా చేసింది ఎవరో అతడు విడమరచి రాయలేదు. న్యూయార్క్‌లో కూర్చున్న చిత్రకారుడు ఫ్రెడరిక్ రెమింగ్టన్ మాత్రం, వివస్త్రగా నిలబడిన ఒక స్త్రీ చుట్టూ మగ అధికారులు నిలబడి ఆమె బట్టలు వెతుకుతున్నట్టు పెద్ద బొమ్మ గీశాడు. దేశం భగ్గుమన్నది. కొద్ది రోజులకే ఆ యువతులు అమెరికా చేరారు. పోటీ పత్రిక వరల్డ్ వారిని అడిగితే, తమను సోదా చేసింది స్త్రీలేనని, ఒక గదిలో మగవారు లేకుండా జరిగిందని చెప్పారు. వరల్డ్ ఆ సంగతి సంతోషంగా ప్రచురించింది, సత్యం మీద ప్రేమతో కాదు, పోటీదారుణ్ణి బజారుకీడ్చడానికి. డేవిస్ సిగ్గుపడి జర్నల్‌కు రాయడం మానేశాడు. ఇదంతా జరిగినా జర్నల్ అమ్మకాలు తగ్గలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అదే రెమింగ్టన్ క్యూబా నుంచి, ఇక్కడ యుద్ధమేమీ లేదు, తిరిగి వచ్చేస్తానని తంతి ఇస్తే, నువ్వు బొమ్మలు పంపు, యుద్ధం సంగతి నేను చూసుకుంటానని హర్స్ట్ జవాబిచ్చాడనే కథ అందరూ చెబుతారు, పాఠ్యపుస్తకాలలో కూడా చేరింది. దానికి ఆధారం జేమ్స్ క్రీల్‌మన్ అనే విలేఖరి 1901లో రాసిన పుస్తకం ఒక్కటే. ఆ తంతి ప్రతులు ఎవరికీ దొరకలేదు. హర్స్ట్ దాన్ని ఖండించాడు. పైగా రెమింగ్టన్ వెళ్ళిననాటికి క్యూబాలో తిరుగుబాటు యుద్ధం సాగుతూనే ఉంది, లేదని అతడెలా రాస్తాడు? సంచలన పత్రికలను తిట్టడానికి పుట్టిన కథ కూడా సంచలన కథే కావడం, దాన్ని తరాల తరబడి విచారించకుండా నమ్మడం విచిత్రం.

ఆ కథ వల్ల ఇంకొక నష్టం కూడా జరిగింది. యుద్ధానికి కారణమంతా ఒక ధనిక యువకుడి పిచ్చి మీదికి నెట్టి, ప్రభుత్వాన్నీ వ్యాపారులనూ తప్పించడానికి అది పనికివచ్చింది. క్యూబా చక్కెర తోటలలో అమెరికన్ల పెట్టుబడి అప్పటికే కోట్ల డాలర్లు. సముద్రబలమే దేశబలమని 1890లో కెప్టెన్ మహన్ రాసిన గ్రంథం వాషింగ్టన్ పెద్దలు ఒళ్ళో పెట్టుకుని చదివారు. నౌకాదళ శాఖలో సహాయ కార్యదర్శిగా ఉన్న థియోడర్ రూజ్వెల్ట్ ఫిబ్రవరి 25న, పై అధికారి ఆఫీసులో లేని పూట చూసి, ఆసియాలోని నౌకాదళాధిపతి డ్యూయీకి హాంకాంగ్‌లో సిద్ధంగా ఉండమని, యుద్ధం వస్తే ఫిలిప్పీన్స్‌లోని స్పెయిన్ నౌకలను కొట్టమని తంతి ఇచ్చాడు. మెయిన్ పేలి అప్పటికి పది రోజులే. అది ఎందుకు పేలిందో ఇంకా తేలలేదు, కాని మనీలా మీద దాడికి ఏర్పాట్లు మొదలయ్యాయి. ఈ ఏర్పాట్లను పత్రికలు చేయలేదు. ఎందుకు, ఏమిటి అని అడిగేవాణ్ణి దేశద్రోహిగా కనబడేటట్టు చేయడం వరకే వాటి పని, ఆ పని అవి సమర్థంగా చేశాయి.

అమెరికా నౌకాదళ విచారణ సంఘం మార్చి నెలాఖరుకు, ఓడ కింద మందుపాతర పేలిందని తేల్చింది, ఎవరు పెట్టారో చెప్పలేకపోయింది. స్పెయిన్ వారి విచారణ సంఘం లోపలి పేలుడే అన్నది. నీటిలో మందుపాతర పేలితే నీరు స్తంభంలా పైకి లేవాలి, రేవులో చేపలు చచ్చి తేలాలి, అవేవీ ఎవరూ చూడలేదని వారి వాదం. దాన్ని పట్టించుకున్నవారు లేరు. ఏప్రిల్ 25న అమెరికా కాంగ్రెసు యుద్ధం ప్రకటించింది. ఓడలోనే బొగ్గు గదిలో నిప్పు రాజుకుని, పక్క గదిలోని మందుగుండుకు అంటుకుని ఉంటుందని అమెరికా నౌకాదళానికే చెందిన అడ్మిరల్ రికోవర్ నిపుణులతో పరిశీలించి 1976లో ప్రకటించాడు. ఆ తరువాత జరిగిన పరిశీలనలు కూడా విషయాన్ని పూర్తిగా తేల్చలేదు, స్పెయిన్ ప్రభుత్వం ఆ పని చేయించిందనడానికి మాత్రం ఈ నూరేళ్ళకు పైబడిన కాలంలో ఒక్క సాక్ష్యమూ బయటపడలేదు.

యుద్ధం వేసవిలోనే ముగిసింది. క్యూబాలో రఫ్ రైడర్స్ అనే స్వచ్ఛంద అశ్వికదళానికి నాయకులు ఇద్దరు. కర్నల్‌గా లెనర్డ్ వుడ్ అనే సైనిక వైద్యుడు, అతని కింద ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చిన రూజ్వెల్ట్. జర్నల్ మానేసిన డేవిస్ వేరే పత్రికల తరఫున వారి వెంటే ఉండి వారిని వీరులుగా కీర్తించాడు. ఆ కీర్తితో రూజ్వెల్ట్ అదే ఏడాది న్యూయార్క్ గవర్నరుగా ఎన్నికయ్యాడు, 1901లో దేశాధ్యక్షుడయ్యాడు. వుడ్ క్యూబాకు సైనిక గవర్నరయ్యాడు. స్వాతంత్ర్యం ఇప్పిస్తామన్న క్యూబాకు 1901లో షరతుల సంకెళ్ళు తగిలించారు. 1903లో గ్వాంటనామో రేవును కౌలుకు రాయించుకున్నారు. నూరేళ్ళ తరువాత, 2002 జనవరి నుంచి, విచారణ లేకుండా ముస్లిం బందీలను తెచ్చి పెట్టింది ఆ కౌలు నేలలోనే.

క్యూబా పేరుతో మొదలైన యుద్ధానికి ఫలితంగా 1898 డిసెంబరు 10 నాటి పారిస్ ఒప్పందంలో రెండు కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్ దీవులన్నీ అమెరికాకు బదిలీ అయ్యాయి. ఆ దీవుల ప్రజలు జూన్ నెలలోనే స్వాతంత్ర్యం ప్రకటించుకుని ఉన్నారు. వారిని ఎవరూ అడగలేదు. 1899 ఫిబ్రవరి 4న మొదలైన పోరులో సుమారు 20,000 మంది ఫిలిప్పీన్ సైనికులు, యుద్ధంతోనూ కరువు రోగాలతోనూ సుమారు రెండు లక్షలమంది సామాన్య జనం చనిపోయారు. వేలర్ క్యూబాలో వేసిన కంచెల మీద విరుచుకుపడిన దేశమే, బతాంగాస్‌లో పల్లె జనాన్ని అటువంటి కంచెలలోకే తోలింది.

ఆ బదిలీలో దక్షిణాన ఉన్న మిందనావ్, సులూ దీవుల ముస్లిములు కూడా ఉన్నారు. స్పెయిన్ వారు వీరిని మోరోలు అన్నారు. అందలూసియాలోనూ మొరాకోలోనూ తాము పోరాడిన ముస్లిములను పిలిచిన పేరే అది. ప్రపంచానికి ఆ చివర మళ్ళీ ముస్లిములే ఎదురైతే అదే పేరు తగిలించారు. సులూలో ఇస్లాం 14వ శతాబ్దం నాటికే వేరూనింది, 15వ శతాబ్దంలో సుల్తానత్ ఏర్పడింది. మూడు వందల ఏళ్ళు పోరాడినా స్పెయిన్ ఆ దీవులను పూర్తిగా లొంగదీసుకోలేకపోయింది. తన చేతిలో లేని ఆస్తిని స్పెయిన్ అమ్మింది, అమెరికా కొన్నది.

ఉత్తరాన యుద్ధం సాగుతుండగా దక్షిణాన మరో యుద్ధం అమెరికాకు ఇష్టం లేదు. విదేశాంగ కార్యదర్శి జాన్ హే సూచనపై ఇస్తాంబూల్‌లోని అమెరికా రాయబారి ఆస్కార్ స్ట్రాస్ 1899లో సుల్తాన్ అబ్దుల్ హమీద్‌ను కలిశాడు. అమెరికా ప్రభుత్వానికి ఇస్లాం మీద వైరం లేదని చెప్పే ట్రిపోలీ నాటి పాత ఒప్పందం ప్రతిని చూపించాడు. ఖలీఫా అంగీకరించి మక్కాకు సందేశం పంపాడు. అప్పుడు హజ్‌కు వచ్చి ఉన్న సులూ పెద్దలు ఇద్దరు ఆ సందేశాన్ని స్వదేశం తీసుకుపోయారు. తిరగబడవద్దు, మీ దీనుకు అడ్డు రాని ప్రభుత్వంతో ఒప్పందానికి రండి అన్నది దాని సారాంశం. దీని వల్ల కనీసం 20,000 మంది సైనికుల అవసరం తప్పిందని అధ్యక్షుడు మెకిన్లీ స్ట్రాస్‌ను అభినందించినట్టు స్ట్రాస్ జ్ఞాపకాలలో ఉంది. ఖలీఫా తన వంతుగా ఆలోచించింది దూరదేశంలోని ముస్లిముల ప్రాణరక్షణే కావచ్చు. ఎదుటివారు మాత్రం లెక్క వేసుకున్నది సైనికుల సంఖ్యను.

1899 ఆగస్టు 20న సుల్తాన్ రెండవ జమాలుల్ కిరామ్‌తో జనరల్ బేట్స్ ఒప్పందం చేసుకున్నాడు. మతంలో జోక్యం ఉండదని, సుల్తాన్ హక్కులు గౌరవిస్తామని, నెలనెలా భత్యం ఇస్తామని రాసుకున్నారు. ఒప్పందం రెండు భాషల్లో ఉంది. ఇంగ్లీషు ప్రతిలో సులూ మీద అమెరికా సార్వభౌమాధికారాన్ని సుల్తాన్ అంగీకరించినట్టు ఉన్నది. సులూ ప్రజల తౌసుగ్ భాషలోని ప్రతిలో ఆ అర్థమిచ్చే మాట లేదు. ఉత్తరాన యుద్ధం ముగిసింది, ఒప్పందం అవసరం తీరింది. 1904 మార్చిలో అమెరికా దాన్ని ఏకపక్షంగా రద్దు చేసింది.

ఈ మధ్యకాలంలో న్యూయార్క్ పాఠకుడికి సులూ ముస్లిమును గురించి తెలిసిందేమిటి? అమెరికా జెండా కింద బానిసలనూ బహుభార్యలనూ ఉంచుకున్న సుల్తాన్ అనే పరిహాసం ఒకటి. జార్జి ఏడ్ అనే రచయిత సులూ సుల్తాన్ పేరుతో 1902లో ఆడించిన సంగీత హాస్యనాటకానికి జనం విరగబడ్డారు. కత్తి పట్టుకుని ఎదురొచ్చిన క్రైస్తవుణ్ణల్లా నరికే పిచ్చివాడనే భయం రెండవది. 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనకు మోరోలను ఓడలో తెచ్చి చూపుడు వస్తువులుగా నిలబెట్టారు. సులూలో బానిసత్వం ఉన్న మాట నిజం, దాన్ని సమర్థించవలసిన పని లేదు. బానిసత్వాన్ని చట్టం పేరెత్తి రద్దు చేసి నలభై ఏళ్ళయినా నల్లవారిని చెట్లకు ఉరితీస్తున్న దేశం ఆ పాఠం చెప్పడమే విడ్డూరం.

1903లో మోరో రాష్ట్రానికి గవర్నరుగా వచ్చినవాడు లెనర్డ్ వుడ్. క్యూబాలో పత్రికలు వీరుణ్ణి చేసిన ఆ వుడ్‌యే. తలపన్ను వేశాడు, కొత్త చట్టాలు తెచ్చాడు. హోలో దీవిలో వాటికి లొంగని కుటుంబాలు పిల్లాపాపలతో బుద్ దాహో అనే చల్లారిన అగ్నిపర్వతం శిఖరానికి చేరి, దాని గుంటలో ఇళ్ళు కట్టుకుని, చేలు వేసుకుని ఉండసాగాయి. 1906 మార్చి మొదటి వారంలో సుమారు 800 మంది సైనికులు కొండను చుట్టుముట్టారు. ఫిరంగులను తాళ్ళతో పైకి లాగారు. గుంట అంచున మరతుపాకులు నిలిపి కిందికి కాల్చారు. చనిపోయినవారి సంఖ్య 600 నుంచి 1,000 దాకా రకరకాలుగా చెబుతారు. వారిలో స్త్రీలు, పిల్లలు ఎందరో ఉన్నారు. బతికినవారు బహుకొద్దిమంది. అమెరికన్ల పక్షాన మరణించినవారు ఇరవై మంది దాకా. ఇది సైనిక పరాక్రమమని మెచ్చుకుంటూ అధ్యక్షుడు రూజ్వెల్ట్ తన పాత కర్నల్‌కు తంతి పంపాడు.

మొదటి రోజు పత్రికలన్నీ పెద్ద అక్షరాలతో వార్త వేశాయి. ప్రతిపక్షం కాంగ్రెసులో అడిగింది. సంజాయిషీ కోరితే వుడ్, ఆడవారు మగవారిలా లాగులు తొడుక్కుని ఆయుధాలతో మీద పడ్డారని, పిల్లలను మగవారు డాలుగా అడ్డం పెట్టుకున్నారని జవాబిచ్చాడు. మనీలాలోని గవర్నర్ జనరల్ మాత్రం దూరం నుంచి కాల్చిన ఫిరంగుల వల్ల ఆడవారూ పిల్లలూ పోయారని వేరుగా చెప్పాడు. రెండు సంజాయిషీలు ఒకదానికొకటి పొసగవు. ఒలివెట్ ఓడలో ఒక యువతిని సోదా చేసింది ఆడదా మగవాడా అని దేశమంతా వెతికి తేల్చిన పత్రికలకు ఈ తేడా వెతికే ఓపిక లేకపోయింది. హవానాలో 260 మంది పోతే బహుమానం ప్రకటించిన హర్స్ట్ అప్పటికి కాంగ్రెసు సభ్యుడు, ఆ ఏడాదే న్యూయార్క్ గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. హోలో కొండ మీద నేరస్థుణ్ణి పట్టి ఇచ్చినవారికి ఏ పత్రికా ఒక్క డాలరు ప్రకటించలేదు.

పత్రికల ఈ వైఖరిని ఆ రోజుల్లోనే గమనించి రాసుకున్నవాడు మార్క్ ట్వేన్. సామ్రాజ్య వ్యతిరేక సంఘంలో ఉపాధ్యక్షుడాయన. మొదటి రోజు శీర్షికలు ఎంత పెద్దవో, ఆ తరువాత రోజురోజుకూ అవెలా చిన్నబోయి చివరికి మౌనంలో కలిశాయో 1906 మార్చిలోనే వరుసగా చెప్పి రాయించాడు. కాని ఆ రచనను తన జీవితకాలంలో ప్రచురించలేదు, 1924లో, ఆయన పోయిన పద్నాలుగేళ్ళకు వెలుగు చూసింది. అంతటి హాస్యరచయితకే నోరు మూసుకోవలసి వచ్చిందంటే సామాన్య విలేఖరి సంగతి చెప్పనక్కరలేదు.

ఒక్క సాక్ష్యం మాత్రం మిగిలింది. గుట్టగా పడిన శవాల వెనుక సైనికులు వరుసగా నిలబడి తీయించుకున్న ఫోటో అది. శవాల మధ్య తల్లీ బిడ్డా కనబడతారు. బొమ్మలు గీసి యుద్ధం రేపిన నగరంలో నిజమైన ఫోటోకు గిరాకీ లేదు. నల్లవారి నాయకుడు డుబోయిస్ ఆ ఫోటో చూసి, దాన్ని పెద్దది చేయించి తన తరగతి గదిలో గోడకు తగిలించాలని అన్నాడు, యుద్ధమంటే ఏమిటో విద్యార్థులు తెలుసుకునేందుకు. 2016లో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు అంతర్జాతీయ సమావేశంలో ఆ ఫోటోను ఎత్తి చూపినప్పుడు, అదేమిటో అమెరికన్ విలేఖరులలో చాలామందికి తెలియలేదు. దాని మీద 2024లో ఒక పూర్తి గ్రంథం వచ్చింది.

మెయిన్ ఓడకు మాత్రం జ్ఞాపకాల కొరత లేదు. దాని స్తంభం ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో నిలబడింది. న్యూయార్క్‌లో హర్స్ట్ పత్రిక పిలుపుపై జనం ఇచ్చిన చందాలతో, బడిపిల్లల పైసలతో సహా, సెంట్రల్ పార్కు ద్వారం వద్ద పాలరాతి స్మారకం కట్టారు. 1913 మే 30న దాన్ని ఆర్భాటంగా ప్రారంభించారు. రెండు వారాలు తిరక్కుండా, జూన్ 11 నుంచి 15 వరకు, అదే హోలో దీవిలో బుద్ బగ్సక్ అనే మరో కొండ మీద జనరల్ పెర్షింగ్ సైన్యం సుమారు 500 మంది మోరోలను చంపింది.